కార్బైడ్, ఇంకొనెల్, మాలిబ్డినం పనికి వాడిన సింకర్ ఈడీఎం: ఏమి చూసి ఎంచుకోవాలి?

అచ్చుపనివాడు:

మిత్రులందరికీ నమస్కారం. మాది మిల్లింగ్, గ్రైండింగ్ పనులు ప్రధానంగా సాగే చిన్న టూల్‌రూమ్. ఇంతకాలం స్పార్క్ పనిని (నూనెలో ఎలక్ట్రోడు నుంచి నిప్పురవ్వలు పుట్టించి, లోహంలో ఆ ఎలక్ట్రోడు ఆకారంలో గుంట చేసే సింకర్ ఈడీఎం పనిని) బయటికి ఇచ్చి చేయించుకుంటూ వచ్చాము. ఈ మధ్య వస్తున్న పనుల్లో సగానికి పైగా కార్బైడ్ డైలలో షట్కోణపు గుంటలు, ఇంకొనెల్ 718 పలకల్లో సన్నని లోతైన స్లాట్లు, అప్పుడప్పుడు మాలిబ్డినం, దాని మిశ్రలోహమైన టీజెడ్‌ఎం ముక్కలు ఉంటున్నాయి. బయట చేయించిన కార్బైడ్ డైలలో రెండు, పనిలో పెట్టిన కొద్ది రోజులకే గుంట మూలల దగ్గర చిట్లిపోయాయి. దానితో వాడిన సింకర్ యంత్రం ఒకటి కొని ఈ పనిని మా చేతుల్లోకే తెచ్చుకోవాలని నిశ్చయించుకున్నాము.

మూడు యంత్రాలు చూశాను. మొదటిది బాగా పాతది, బరువైనది. జెడ్ (నిలువు) అక్షం మాత్రమే సర్వో మీద దానంతటదే నడుస్తుంది, టేబుల్‌ను చేత్తో తిప్పాలి, ర్యామ్ (ఎలక్ట్రోడును పట్టుకొని పైకి కిందికి కదిలే భాగం) హైడ్రాలిక్, రవ్వలకు కరెంటు ఇచ్చే జనరేటర్ 50 యాంపియర్లు. రెండవది 1990ల నాటి సీఎన్‌సీ. ఎక్స్, వై, జెడ్, సి అక్షాలు, ఆర్బిట్ (ఎలక్ట్రోడును గుంటలో పక్కలకు కొద్దిగా తిప్పే ఏర్పాటు), 64 యాంపియర్లు, విడిగా కెపాసిటర్ సర్క్యూట్ ఉన్నాయి గాని, దాని మాన్యువల్ సగమే దొరికింది. మూడవది లీనియర్ మోటార్ యంత్రం. మూడింటిలో కొత్తది, తొట్టి చిన్నది, కంట్రోల్ పూర్తిగా తయారీదారు చేతిలో ఉండే రకం. మరొకచోట 100 యాంపియర్ల యంత్రం చూపించి, ఇంత గట్టి లోహాలకు అంత శక్తి లేకపోతే కుదరదని అమ్మకందారు చెప్పారు. ఆ మాట ఎంతవరకు నిజమో, ఈ మూడింటిని ఏ కొలబద్దతో పోల్చాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతటూల్‌రూమ్:

అచ్చుపనివాడు గారూ, ముందుగా ఆ "గట్టి" అన్న మాటను పక్కన పెట్టండి. స్పార్క్ యంత్రానికి గట్టిదనంతో పని లేదు. గట్టిపరచని ఉక్కునూ, 60 రాక్‌వెల్ వచ్చేలా గట్టిపరచిన అదే ఉక్కునూ ఇంచుమించు ఒకే వేగంతో తింటుంది. నిప్పురవ్వ పడిన చోట లోహం ఎంత వేడికి కరుగుతుంది, ఎంత వేడికి ఆవిరవుతుంది, ఆ వేడిని పక్కకు ఎంత త్వరగా లాగేసుకుంటుంది అన్నవే లెక్కలోకి వస్తాయి.

మీ మూడు లోహాలను ఈ లెక్కన చూస్తే అవి ఒక జాతివి కావని తెలుస్తుంది. ఇంకొనెల్ 718 సుమారు 1260 నుంచి 1336 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే ఉక్కు కన్నా తక్కువ వేడికే. పైగా దాని ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 11 వాట్ల దగ్గర ఉంటుంది కనుక వేడి పడిన చోటే నిలిచిపోతుంది. కట్టర్లను ఏడిపించే ఈ లోహం స్పార్క్ కింద బాగానే తెగుతుంది. మాలిబ్డినం కరగడానికి 2623 డిగ్రీలు కావాలి. ఉష్ణవాహకత 138 వరకు ఉంటుంది, కాబట్టి ఇచ్చిన వేడిలో చాలా భాగం లోపలికి పారిపోతుంది. టంగ్‌స్టన్ అయితే 3422 డిగ్రీలు, వాహకత 170 పైమాటే. ఇలాంటి లోహం మీద రవ్వ నెమ్మదిగా, ఎక్కువసేపు వెలిగితే గుంట పడే లోపే వేడి చెదిరిపోతుంది. అదే శక్తిని తక్కువ సమయంలో కుదించి కొడితేనే ముక్క ఊడుతుంది.

కాబట్టి మీకు కావలసింది మొత్తం యాంపియర్లు కాదు. చిన్న టి-ఆన్‌లో (ఒక్కో పల్సుకు కరెంటు ఇచ్చే సమయంలో) కూడా పూర్తి పీక్ కరెంటు ఇవ్వగల జనరేటర్ కావాలి. పాత జనరేటర్లలో కొన్ని 100 మైక్రోసెకన్ల దగ్గర ఎంతో బాగా పనిచేస్తాయి గాని, 5 మైక్రోసెకన్లకు దించితే కరెంటు పూర్తిగా లేవక ముందే పల్స్ ముగిసిపోతుంది. అమ్మకపు పత్రంలో రాసిన 50, 64, 100 అంకెలు ఈ సంగతిని చెప్పవు.

సందర్భం వచ్చింది గనుక ఒక్క మాట. ఈ పద్ధతి పుట్టిందే టంగ్‌స్టన్ దగ్గర. సోవియట్ శాస్త్రవేత్తలు బోరిస్ లజరెంకో, నటాలియా లజరెంకో దంపతులు టంగ్‌స్టన్ విద్యుత్ కాంటాక్టులు రవ్వల వల్ల అరిగిపోకుండా ఎలా ఆపాలని పరిశోధిస్తూ, ఆ అరుగుదలనే పనిముట్టుగా వాడుకోవచ్చని 1943లో చూపించారు. వారు వాడినది కెపాసిటర్ నిండి ఒక్కసారిగా ఖాళీ అయ్యే సర్క్యూట్. మీ రెండవ యంత్రంలో ఉన్న కెపాసిటర్ సర్క్యూట్ దాని వారసురాలే. మీ పనికి దాన్ని చిన్నచూపు చూడకండి.

గట్టిలోహం:

పాతటూల్‌రూమ్ గారు చెప్పినదానికి కార్బైడ్ తరఫున కొంత చేర్చాలి, ఎందుకంటే కార్బైడ్ ఒకే లోహం కాదు. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలను కోబాల్ట్ పట్టి ఉంచుతుంది. కోబాల్ట్ 1495 డిగ్రీలకే కరుగుతుంది. గింజలు కరగాలంటే దానికి దాదాపు రెట్టింపు వేడి కావాలి. అందువల్ల రవ్వ పడినప్పుడు పట్టు ముందుగా పోతుంది, గింజలు తరువాత ఊడతాయి. టి-ఆన్ పెంచి రఫింగ్ (మొదటి ముతక కోత) చేస్తే వేడి లోతుకు దిగి, చల్లారేటప్పుడు పైపొర కుదించుకొని, గాజు మీద గీతల్లా సన్నని పగుళ్లు పడతాయి. మీ డైల మూలలు చిట్లిపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. మూలలో రెండు వైపుల నుంచి వేడి చేరుతుంది, డై పనిలో ఒత్తిడి కూడా అక్కడే కేంద్రీకరిస్తుంది.

దీనికి మందు మూడు చోట్ల ఉంది. మొదట, రఫింగ్‌ను కూడా చిన్న టి-ఆన్‌తో, పెద్ద టి-ఆఫ్‌తో (రెండు పల్సుల మధ్య విరామంతో) నడపాలి. రెండవది, ఎలక్ట్రోడును నెగెటివ్‌గా పెట్టాలి. ఉక్కు మీద గ్రాఫైట్ పాజిటివ్‌గా పెట్టి అరుగుదల లేకుండా చేసే పద్ధతి కార్బైడ్ మీద పనికిరాదు. మూడవది, ఫినిషింగ్ ఒక్క అడుగులో కాకుండా నాలుగైదు అడుగులుగా సాగాలి; ప్రతి అడుగూ ముందటి అడుగు వదిలిన పగుళ్ల పొరను పూర్తిగా తినేంత లోతు దిగాలి. ఆఖరున డైమండ్ పేస్టుతో లాపింగ్ తప్పనిసరి. బయట చేసేవారు తొందరలో మధ్య అడుగులు దాటేస్తే పైకి ఫినిష్ నున్నగానే కనిపిస్తుంది, పగులు మాత్రం కిందే ఉండిపోతుంది.

యంత్రం చూడబోయినప్పుడు పోలారిటీ స్విచ్చును నమ్మకండి. కొందరు తయారీదారులు ఎలక్ట్రోడు పాజిటివ్ కావడాన్ని "ప్లస్" అని రాస్తే, మరికొందరు జాబ్ (పని చేయించుకునే ముక్క) పాజిటివ్ కావడాన్ని "స్టాండర్డ్" అని రాశారు. పాత యంత్రాల్లో కేబుళ్లు మార్చి బిగించి ఉండవచ్చు కూడా. ర్యామ్‌కూ టేబుల్‌కూ మధ్య మీటరు పెట్టి స్వయంగా చూసుకోవాలి. ఎలక్ట్రోడుగా నేను కాపర్ టంగ్‌స్టన్ తప్ప మరొకటి వాడను.

అచ్చుపనివాడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మూలల గురించి చెప్పినది నా మనసుకు బాగా తగిలింది. విరిగిన డైలలో ఒకదాన్ని కోసి, పాలిష్ చేసి భూతద్దం కింద చూశాను. మూల నుంచి లోపలికి వెంట్రుక వంటి గీత స్పష్టంగా కనిపించింది. ఒక సందేహం. కాపర్ టంగ్‌స్టన్ తయారీ మాకు కష్టం. మా మిల్లింగ్ యంత్రం మీద గ్రాఫైట్ సులువుగా తెగుతుంది. మూడు లోహాలకూ గ్రాఫైట్‌తో సరిపెట్టుకోవచ్చా? అలాగే, ఎంత కరెంటు కావాలో లెక్క కట్టే పద్ధతి ఏమైనా ఉందా?

నల్లసీసం:

లెక్క ఉంది, సులువైనదే. గ్రాఫైట్ ఎలక్ట్రోడు ముఖానికి చదరపు సెంటీమీటరుకు 10 యాంపియర్లు అనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న పరిమితి. 15 మిల్లీమీటర్ల వ్యాసం గల ఎలక్ట్రోడు ముఖం 1.77 చదరపు సెంటీమీటర్లు. అంటే దానికి 17, 18 యాంపియర్లు దాటి ఇవ్వడం వృథా. 20 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉన్న స్లాట్ ఎలక్ట్రోడు అనుకుంటే, దానికి 3 యాంపియర్లే వస్తాయి. అలాంటి పనికి 100 యాంపియర్ల యంత్రం తెచ్చుకుంటే, దానిలో కింది స్టెప్పులు ముతకగా ఉండి మీకు కావలసిన సన్నని అమరిక దొరకకపోవచ్చు. కింది 6 యాంపియర్లలో ఎన్ని మెట్లు ఉన్నాయో అడగండి; పై అంకెను ఎవరైనా చెబుతారు.

గ్రాఫైట్ సంగతికి వస్తే, గట్టిలోహం గారితో నేను సగమే ఏకీభవిస్తాను. కార్బైడ్ మీదా, మాలిబ్డినం మీదా కాపర్ టంగ్‌స్టన్ మంచిదే. అందులో 70 శాతానికి పైగా టంగ్‌స్టన్ ఉంటుంది. రాగి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, టంగ్‌స్టన్ అస్థిపంజరంలా ఆకారాన్ని నిలుపుతుంది. ఇంకొనెల్ స్లాట్లకు మాత్రం సన్నని గింజ గ్రాఫైటే నా ఎంపిక. అది కరగదు, దాదాపు 3600 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరవుతుంది. మందం ఒకటిన్నర మిల్లీమీటర్లే ఉన్నా వంగదు. గింజ 5 మైక్రాన్లకు మించని రకం తీసుకోండి. ముతక గ్రాఫైట్‌తో సన్నని పలక లాంటి ఎలక్ట్రోడు చేస్తే అంచు రాలిపోతుంది. పాజిటివ్‌గా పెట్టి మధ్యరకం టి-ఆన్‌తో నడిపితే, నూనె నుంచి విడివడిన కార్బన్ ఎలక్ట్రోడు మీద పొరగా పేరుకొని అరుగుదలను తగ్గిస్తుంది. ఉక్కు మీద ఉన్నంత తక్కువ అరుగుదల రాదు గాని, భరించదగినదే.

ఒక జాగ్రత్త: గ్రాఫైట్ పొడి విద్యుత్తును మోసుకుపోతుంది. మిల్లింగ్ యంత్రం దగ్గర గట్టి సక్షన్ లేకుండా గ్రాఫైట్ కోస్తే, కొన్ని నెలల్లో ఆ పొడి స్పిండిల్ డ్రైవ్ పెట్టెలోకి చేరి షార్ట్ చేస్తుంది. మేము ఆ నష్టం భరించిన తరువాతే సక్షన్ పెట్టుకున్నాము.

గట్టిలోహం:

నల్లసీసం గారి మాట ఇంకొనెల్ వరకు ఒప్పుకుంటాను. నేను కార్బైడ్ పనిలోనే ఉండి, అదే అలవాటుతో రాశాను.

జనరేటర్_వైద్యం:

పాత స్పార్క్ జనరేటర్లను బాగుచేయడం నా వృత్తి కనుక ఆ వైపు నుంచి రాస్తాను. వాడిన యంత్రం కొనేటప్పుడు ఇనుము సంగతి కంటికి కనిపిస్తుంది, జనరేటర్ సంగతి కనిపించదు. అందుకే నమూనా పని చేయించకుండా ఏ యంత్రాన్నీ తీసుకోకండి. అదీ వారి ఉక్కు ముక్క మీద కాదు, మీ కార్బైడ్ మీదా మీ ఇంకొనెల్ మీదా.

మొదటి పరీక్ష స్టెప్పులది. పెద్ద ఎలక్ట్రోడు పెట్టి, కరెంటు స్విచ్చును ఒక్కొక్క మెట్టు పైకి తిప్పుతూ అమ్మీటరు చూడండి. ప్రతి మెట్టుకూ సూది సమానంగా జరగాలి. పాత జనరేటర్‌లో పవర్ ట్రాన్సిస్టర్లు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు చచ్చిపోతే ఆ మెట్టు దగ్గర సూది కదలదు, 50 యాంపియర్ల యంత్రం నిశ్శబ్దంగా 35 యాంపియర్లది అయిపోతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైనది, ట్రాన్సిస్టర్ తెగిపోకుండా షార్ట్ అయి ఉండిపోవడం. అప్పుడు టి-ఆఫ్ సమయంలో కూడా కొంత కరెంటు గ్యాప్‌లోకి (ఎలక్ట్రోడుకూ జాబ్‌కూ మధ్య సందులోకి) కారుతూనే ఉంటుంది. పని మీద ఎక్కడో ఒకచోట నల్లని చుక్కలా కాలిన గుంట పడుతుంది. ఫ్లషింగ్ (నూనె పంపి రజను కడిగేయడం) సరిలేదని అందరూ నూనె పైపులు సవరిస్తూ కాలం గడుపుతారు. కార్బైడ్ మీద అలాంటి ఒక్క చుక్క చాలు, డై పోయినట్టే.

రెండవది ఆసిలోస్కోప్. గ్యాప్ వోల్టేజిని తగిన ప్రోబుతో, స్కోప్‌ను భూమి నుంచి విడదీయగల డిఫరెన్షియల్ ప్రోబు అయితే మరీ మంచిది, చూడండి. ఓపెన్ వోల్టేజి లేచి, కాస్త ఆగి, రవ్వ అంటుకోగానే 25 వోల్టుల చుట్టూ పడిపోయి, అక్కడ నిలకడగా ఉండి, ఆ తరువాత ముగియాలి. ఆగడం అసలు లేకుండా పల్సు మొదటి నుంచీ కింద ఉంటే అది ఆర్క్. చార్మిల్స్ వారి ఐసోపల్స్ వంటి జనరేటర్లలో రవ్వ అంటుకున్న క్షణం నుంచి టి-ఆన్ లెక్కిస్తారు. అందువల్ల ప్రతి రవ్వా ఒకే శక్తితో ముగుస్తుంది, గుంటలన్నీ ఒకే పరిమాణంలో పడతాయి. మామూలు జనరేటర్లలో వోల్టేజి ఇచ్చిన క్షణం నుంచి లెక్కిస్తారు కనుక ఆలస్యంగా అంటుకున్న రవ్వ పొట్టిగా, తొందరగా అంటుకున్నది పొడుగ్గా వస్తుంది. కార్బైడ్ మీద పగుళ్ల లోతు పొడుగాటి రవ్వలను బట్టి ఉంటుంది కాబట్టి ఈ తేడా మీకు ముఖ్యం. మీ మొదటి యంత్రం పాతదైనా ఇలాంటి జనరేటర్ ఉంటే, దాన్ని ఒక్కసారిగా తోసిపుచ్చకండి.

మూడవది 1990ల సీఎన్‌సీలకు సంబంధించినది. వాటి పారామీటర్లు బ్యాటరీ ఆధారంగా నిలిచే మెమరీలో ఉంటాయి. యంత్రం నెలల తరబడి కరెంటు లేకుండా గోదాములో పడి ఉంటే బ్యాటరీ చచ్చి అన్నీ చెరిగిపోతాయి. పారామీటర్ల కాపీ, కాగితం మీదైనా సరే, ఫ్లాపీలోనైనా సరే, చేతికి వచ్చాకే మాట ఖాయం చేసుకోండి. కార్బైడ్–కాపర్ టంగ్‌స్టన్ జతకు టెక్నాలజీ టేబుళ్లు (ముందే సిద్ధం చేసిన అమరికల పట్టికలు) ఉన్నాయో లేదో కూడా తెర మీద తెరిపించి చూడండి; ఉక్కు టేబుళ్లే ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి.

కొలతమనిషి:

జనరేటర్ ఎంత బాగున్నా ర్యామ్ ఊగితే ఫలితం ఉండదు. ర్యామ్ చివర డయల్ పెట్టి చేత్తో నాలుగు వైపులా నెట్టి చూడండి. సూది కదిలి వెనక్కి రాకపోతే గైడులు అరిగిపోయినట్టు. తరువాత టేబుల్ మీద మాస్టర్ స్క్వేర్ నిలబెట్టి, ర్యామ్‌ను 100 మిల్లీమీటర్లు దించుతూ ఎక్స్ వైపు ఒకసారి, వై వైపు ఒకసారి చూడండి. 0.01 మిల్లీమీటరు లోపు ఉంటే మంచిది. హైడ్రాలిక్ ర్యామ్‌ను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, రెండు గంటలు నడిచాక మరొకసారి చూడాలి. నూనె వేడెక్కేకొద్దీ అది జారడం నేను చాలాసార్లు కొలిచాను.

ఉష్ణోగ్రత గురించి కూడా ఆలోచించండి. 300 మిల్లీమీటర్ల ఉక్కు 5 డిగ్రీలు వేడెక్కితే సుమారు 17 మైక్రాన్లు పెరుగుతుంది. ఫినిషింగ్ గ్యాప్ 10, 20 మైక్రాన్లే ఉండే చోట అది చిన్న సంగతి కాదు. చిల్లర్ పనిచేస్తున్నదో లేదో తప్పక చూడండి.

ఇక మీ షట్కోణం. మొదటి యంత్రానికి విడిగా ఆర్బిట్ హెడ్ బిగించుకోవచ్చని మీకు ఎవరైనా చెబితే, అది ఏ ఆకారంలో తిరుగుతుందో అడగండి. గుండ్రంగా మాత్రమే తిరిగితే, పదునైన మూలలున్న ఎలక్ట్రోడు కూడా గుంట మూలల్లో ఆర్బిట్ వ్యాసార్ధమంత గుండ్రం వదులుతుంది. మూలలోకి సూటిగా వెళ్లి వెనక్కి వచ్చే ఆర్బిట్ సీఎన్‌సీలోనే దొరుకుతుంది. ఒకే కొలతలో నాలుగు ఎలక్ట్రోడులు చేసుకొని, ఆర్బిట్ పెంచుతూ రఫింగ్ నుంచి ఫినిషింగ్ దాకా వెళ్లగలగడం కార్బైడ్ పనిలో పెద్ద వెసులుబాటు.

తొట్టినూనె:

ఎవరూ నిప్పు గురించి రాయలేదు. నూనె మట్టం జాబ్ పైన కనీసం 40 మిల్లీమీటర్లు ఉండాలి, రఫింగ్‌లో ఇంకా ఎక్కువ. ఫ్లోట్ స్విచ్, నూనె వేడిని పట్టే థర్మోస్టాట్, మంటను గుర్తించి తానే పనిచేసే ఆర్పే యంత్రం, ఈ మూడూ పనిచేస్తున్నాయో లేదో మీ ఎదుటే పరీక్షించమనండి. పాత యంత్రాల్లో ఫ్లోట్ స్విచ్ వైర్లను కలిపి కట్టేసి ఉండడం నేను రెండు చోట్ల చూశాను. కిరసనాయిలు పోసి నడిపిన యంత్రమైతే తొట్టిని, పైపులను పూర్తిగా కడిగించి, ఫ్లాష్ పాయింట్ ఎక్కువగా ఉన్న ఈడీఎం నూనె పోయండి. కార్బైడ్, ఇంకొనెల్ పనిలో ఆ బురదలో కోబాల్ట్, నికెల్ ఉంటాయి. చర్మానికి తగలకుండా చేతి తొడుగులు వేసుకోవాలి, పొగను బయటికి లాగే ఏర్పాటు ఉండాలి.

పాతటూల్‌రూమ్:

తొట్టినూనె గారు బురద మాట ఎత్తారు గనుక అక్కడి నుంచే మరో విషయం. కార్బైడ్ సాంద్రత సుమారు 15, టంగ్‌స్టన్‌ది 19 దాటి ఉంటుంది. ఉక్కు రజను నూనెలో కాసేపు తేలుతుంది. ఇవి నేరుగా గుంట అడుగుకు దిగి కూర్చుంటాయి. అక్కడ రవ్వ జాబ్ మీద కాకుండా ఆ రజను మీద పడుతుంది. పనిచేసినట్టే చప్పుడు వస్తుంది గాని లోతు పెరగదు. అందువల్ల ఎలక్ట్రోడు మధ్య నుంచి నూనె పంపగలిగితే పంపాలి. సన్నని స్లాట్లలో అది కుదరదు కనుక ర్యామ్ పైకి లేచి దిగే జంపు మీదే ఆధారపడాలి.

ఈ విషయంలో మీ మూడవ యంత్రానిదే పైచేయి. సోడిక్ వారి లీనియర్ మోటార్ సింకర్లలో ర్యామ్ నిమిషానికి 36 మీటర్ల వేగంతో లేస్తుంది. ఆ వేగానికి గుంటలోని నూనె పిచికారీలా మారిపోతుంది. పాత బాల్ స్క్రూ యంత్రాలు ఆ దరిదాపులకు రావు. లోతైన స్లాట్లు మీ పనిలో పెద్ద భాగమైతే ఈ తేడా గంటల్లో కనిపిస్తుంది. కాని అలాంటి యంత్రంలో ఒక డ్రైవ్ కార్డు పోతే మరొకటి దొరుకుతుందో లేదో జనరేటర్_వైద్యం గారే చెప్పాలి.

జనరేటర్_వైద్యం:

దొరికే వరకు యంత్రం ఆగిపోతుంది. విడి భాగాలు వేసి బాగుచేయగల జనరేటర్‌కూ, మొత్తం కార్డు మార్చవలసిన జనరేటర్‌కూ తేడా ఇదే. మొదటి రెండింటిలో ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, రిలేలు బయట దొరికేవే. మూడవదానికి తయారీదారు ఇంకా ఆ మోడల్‌కు కార్డులు ఇస్తున్నారని రాతపూర్వకంగా తెలిస్తేనే ముందుకు వెళ్లండి.

అచ్చుపనివాడు:

మూడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. మూడు యంత్రాల మీదా మా ముక్కలే పెట్టి నమూనా పని చేయించాను. చూసినది చూసినట్టు చెబుతాను.

మొదటి యంత్రంలో జనరేటర్ నిజంగా బాగుంది. స్కోప్ మీద పల్సులు ఒకదాని పక్కన ఒకటి అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కార్బైడ్ ఫినిష్ చక్కగా వచ్చింది. కాని ఇంకొనెల్‌లో 12 మిల్లీమీటర్ల లోతు స్లాట్ అడిగితే 7 దగ్గర ఆగిపోయింది. ర్యామ్ నెమ్మదిగా లేచి నెమ్మదిగా దిగింది, గుంటలో బురద అలాగే ఉండిపోయింది, గోడ మీద నల్లని మచ్చ పడింది. రెండు గంటల తరువాత డయల్ 0.03 జారింది.

మూడవది స్లాట్‌ను అందరికన్నా తొందరగా ముగించింది. అది పనిచేయడం చూస్తే ఆశ పుట్టింది, దాచను. అయితే స్టెప్పుల పరీక్షలో పై రెండు మెట్ల దగ్గర సూది కదలలేదు. కార్డుల గురించి రాతపూర్వక సమాధానం రాలేదు.

రెండవది మధ్యలో నిలిచింది. స్లాట్ 12 మిల్లీమీటర్లకూ దిగింది, మూడవదాని కన్నా చాలా ఎక్కువ సమయం తీసుకుంది. కెపాసిటర్ సర్క్యూట్‌తో, కాపర్ టంగ్‌స్టన్ నెగెటివ్‌గా పెట్టి కార్బైడ్‌లో షట్కోణం చేయించాను. ర్యామ్ 2.00 దిగితే గుంట లోతు 1.60 వచ్చింది, ఎలక్ట్రోడు 0.42 తరిగింది, అంటే అరుగుదల 26 శాతం. పోలారిటీ గుర్తు తలకిందులుగా ఉన్న మాట నిజమే, మీటరు పెట్టి ఉండకపోతే తెలిసేది కాదు. ఫ్లోట్ స్విచ్ పనిచేసింది. ఆర్పే యంత్రం గడువు దాటింది, కొత్తది పెట్టాలి. పారామీటర్లు కాగితం మీద చేత్తో రాసి ఉన్న పుస్తకం చేతికి వచ్చింది. దాన్నే తీసుకున్నాము.

నమూనా షట్కోణాన్ని మూల మీదుగా కోసి, పాలిష్ చేసి చూశాను. ఇంతకు ముందు విరిగిన డైలో కనిపించినంత పొడవైన గీత లేదు గాని, మూల దగ్గర చాలా సన్నని పగుళ్లు రెండు ఉన్నాయి. దీన్ని ఏ అడుగులో సరిచేయాలి?

గట్టిలోహం:

26 శాతం అరుగుదల కార్బైడ్‌కు మామూలే, దాని గురించి దిగులు పడకండి. పగుళ్లు రెండవ అడుగు నుంచి మిగిలినవి అయి ఉంటాయి. ఎలక్ట్రోడు మూల ముందుగా అరుగుతుంది కనుక, ఫినిషింగ్‌లో గోడలు తెగినంతగా మూల తెగదు. పాత పొర అక్కడే మిగులుతుంది. ఆఖరి రెండు అడుగులకు ఒక్కొక్క కొత్త ఎలక్ట్రోడు వాడండి. మూలలోకి వెళ్లే ఆర్బిట్‌లో ప్రతి మూల దగ్గర ఆగే సమయాన్ని పెంచండి. రఫింగ్ టి-ఆన్‌ను ఇప్పుడున్నదానిలో సగానికి దించి, టి-ఆఫ్‌ను అలాగే ఉంచండి. ఆ తరువాత మళ్లీ కోసి చూసి, ఫొటో ఇక్కడ పెట్టండి.

కొలతమనిషి:

ఫొటో తీసేటప్పుడు, పగులు గోడ నుంచి ఎంత లోతుకు వెళ్లిందో తెలిసేలా పక్కన కొలబద్ద గీత ఉంచండి. ఫినిషింగ్‌కు ఎన్ని మైక్రాన్లు వదలాలో ఆ అంకెను బట్టే లెక్క కట్టవచ్చు.